చేత్తో విన్న ఇంజను

పెద్ద దిగుడు సగానికి వచ్చేసరికి గేరు జారిపోయింది.

అరచేతి కింద గేరు రాడ్డు ఒక్కసారిగా వదులై, ఊడబోయే పన్నులా అటూ ఇటూ ఆడింది. అంతవరకూ బండిని వెనక్కి లాగి పట్టుకున్న ఇంజను బిగువు తెగిపోయిన సంగతి మునికి సీటు అదురులోనే తెలిసింది. వెనక తొట్టినిండా కంకర ఉంది. ముందు కొండను చుట్టుకుంటూ కిందికి దిగే రోడ్డు. ఒక పక్క రాతి గోడ, రెండో పక్క ఏమీ లేదు.

బ్రేకు తొక్కాడు. కాసేపు పట్టింది, తరువాత పట్టీపట్టనట్టు పట్టింది, చివరికి వేడెక్కిన పెడలు కాలి కింద మెత్తగా అణిగిపోయింది. రాడ్డును మళ్ళీ గేరులోకి నెట్టబోతే అది మొండికేసి చేతిని వెనక్కి తన్నింది. హ్యాండ్ బ్రేకు లాగితే కాలిన వాసన వచ్చిందే గాని వేగం తగ్గలేదు. మలుపు దగ్గర, రోడ్డు పనివాళ్ళు పోసి మరిచిపోయిన ఇసుక గుట్ట ఒకటి ఉంది. ఎవరూ తీసిపారెయ్యరేమిటని రోజూ దాన్ని తిట్టుకుంటూ తప్పుకుని వెళ్ళేవాడు. ఇవాళ స్టీరింగును దానికేసి తిప్పి కళ్ళు మూసుకున్నాడు.

లారీ ముక్కు ఇసుకలో దూరింది. వెనక భాగం ఒకసారి పైకి లేచి, కిందపడి, నిలిచింది. తొట్టిలోని కంకర కొంత క్యాబిన్ మీదుగా దొర్లి బానెట్ మీద పడింది. అదంతా ముని చూశాడు. ఏదీ చప్పుడుగా మాత్రం అతన్ని చేరలేదు. ఇంజను ఆపి, స్టీరింగు మీదినుంచి చేతులు తియ్యబోతే వేళ్ళు విడివడలేదు.

తలుపు అదిరింది. ఎవరో బయటినుంచి అరచేత్తో చరుస్తున్నారు. ముని తల తిప్పేసరికి, అద్దానికి అవతల ఖాకీ చొక్కా వేసుకున్న బస్సు డ్రైవరు, మొహమంతా ఎర్రగా చేసుకుని, నోరు పెద్దగా తెరిచి మాట్లాడుతున్నాడు. ముని అద్దం దించాడు.

"...ఎంతసేపటినుంచి హారను కొడుతున్నాను పెద్దాయనా, వినపడలేదా?"

మొదటి ముక్కలు గాలికి పోయినా చివరి మాట మాత్రం పెదవుల మీద స్పష్టంగా కనిపించింది. లోకంలో ఏ మొహం మీద ఉన్నా ముని ఆ మాటను గుర్తుపట్టగలడు. గేరు జారినప్పుడు పట్టని ముచ్చెమటలు ఆ మాటకు పట్టాయి.

"గేరు జారిపోయింది," అన్నాడు.

"గేరు జారితే జారింది. చెవులు కూడా జారాయా?"

"ప్రాణం మీదికొచ్చినప్పుడు హారన్ ఎవడు వింటాడు బాబూ."

బస్సు డ్రైవరు ఇసుకలో కూరుకున్న చక్రాలనూ, రోడ్డుకు రెండో పక్కనున్న ఖాళీనీ చూశాడు. అతని మొహంలో ఎరుపు తగ్గింది. "అదీ నిజమేలే. దిగు, ముందు కాసిని నీళ్ళు తాగు," అన్నాడు. ఈసారికి తప్పించుకున్నానని ముని అనుకున్నాడు.

అతన్ని ముని అని పిలవడం క్వారీలో మొదలైంది. లోడింగు కూలీలు ఎన్ని మాటలన్నా, పక్క లారీలవాళ్ళు ఎంత రెచ్చగొట్టినా అతని దగ్గరినుంచి చిన్న నవ్వు తప్ప సమాధానం వచ్చేది కాదు. కోపం లేని మనిషి, వాగుడు లేని మనిషి, అచ్చం మునే అన్నారు. ఆ మంచిపేరు ఎక్కడినుంచి వచ్చిందో అతనికి ఒక్కడికే తెలుసు. ఆ మాటల్లో సగానికి సగం అతనికి అందలేదు.

చెవులు ఒకనాడు పోయినవి కావు. ముందు, తెల్లవారగానే కిటికీ దగ్గర వినిపించే పిట్టల సందడి పలచబడింది. ఈమధ్య పిట్టలు రావడం మానేశాయని అనుకున్నాడు. తరువాత కుక్కర్ ఈల పోయింది. ఆ తరువాత భార్య గొంతు పోయింది. ఆమెది సన్నని గొంతు. మగవాళ్ళ బొంగురు గొంతులు దగ్గరగా ఉంటే ఇంకా అందేవి, మొహం కనిపిస్తే పెదవులు సాయం చేసేవి. భార్య మాత్రం తన నోరు కదలడం చూస్తే తప్ప వినపడని మనిషి అయిపోయింది. కొన్నాళ్ళు ఆమె అలిగింది, కొన్నాళ్ళు మాట్లాడటం తగ్గించింది, చివరికి పిలవాలనుకున్నప్పుడు అతను ఆనుకున్న బల్లనో మంచాన్నో వేళ్ళతో తట్టడం మొదలుపెట్టింది. ఆ తట్టుడు చెక్కలోంచి మోచేతికి ఎక్కేది. ఎందుకు తడుతున్నావని అతను అడగలేదు, ఎందుకు అడగడం లేదని ఆమె అడగలేదు.

క్వారీలో మాత్రం బల్ల తట్టేవాళ్ళు ఉండరు. అక్కడ రాయి పేల్చేముందు సైరన్ మోగుతుంది. మోగగానే అందరూ సిమెంటు గోడ వెనక్కి వెళ్ళాలి. సైరన్ వినపడని మనిషిని గేటులోపలికి రానివ్వకూడదని నియమం. దానికోసం ముని, చుట్టూ ఉన్నవాళ్ళ కాళ్ళను చూడటం నేర్చుకున్నాడు. కూలీల కాళ్ళు ఒక్కసారి ఒకే దిక్కుకు తిరిగితే తనవీ తిరిగేవి. ఎవరికీ అనుమానం రాలేదు. కాని ఒకసారి చక్రం బోల్టులు బిగిస్తూ తల వంచుకుని ఉండగా, ఎందుకో తల ఎత్తి చూస్తే చుట్టూ ఒక్క కాలూ కనిపించలేదు. ఆనాడు గోడ దాకా పరిగెత్తిన పరుగు ఇప్పటికీ కలలోకి వస్తుంది. కలలో ఆ గోడ దగ్గరపడదు.

ఇక లారీ. అది పొడుగు ముక్కున్న పాత బండి. దాన్ని తయారుచేసినవాళ్ళే ఆ మోడల్ సంగతి మరిచిపోయి చాలా కాలమైంది. దారిన పోయేవాళ్ళు ఆగి దాని పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటారు. కుర్ర డ్రైవర్లు దాన్ని తాతగారు అంటారు. మునికి బండి నేర్పిన పెద్ద డ్రైవరు, "లారీని కళ్ళతో తిప్పాలి, చెవులతో నడపాలి," అనేవాడు. ఆయన పోయాక బండి మునిది అయింది. చెవులు వెనకబడుతున్నకొద్దీ ముని వినడమనే పనిని అరచేతికి అప్పగించాడు. గేరు వేశాక చేతిని రాడ్డు మీదే ఉంచేవాడు. ఇంజను వేగం, లోడు బరువు, ఎక్కుడులో ఆయాసం, దిగుడులో బిగువు, అన్నీ ఆ రాడ్డు వణుకులో ఉండేవి. అన్నిటికంటే అడుగున ఒక బరువైన దెబ్బ, గుండె కొట్టుకున్నట్టు, ఆగకుండా చేతికి తగిలేది. అదే బండి నాడి అనుకునేవాడు. కళ్ళకు గంతలు కట్టి వంద లారీల్లో ఎక్కించినా తన లారీని ఆ దెబ్బతో గుర్తుపడతాననుకునేవాడు.

మరో బండిని నడపలేడని కూడా అతనికి తెలుసు.

ఇసుకలోంచి లాగించి లారీని తిన్నగా బావమరిది షెడ్డుకు చేర్చారు. ముని భార్యకు తమ్ముడైన ఆ బావమరిది ఊళ్ళో పేరున్న మెకానిక్కు. నోరు మంచిది కాదని కూడా పేరుంది. షెడ్డు వాకిట్లో రోడ్డు కొద్దిగా వాలుగా ఉంటుంది. పాత ఇంజను వస్తే అతను ముందు పానా ముట్టుకోడు. బండిని ఆ వాలులో నిలబెట్టి, ఇంజను ఆపి, మొదటి గేరులో వేసి, బ్రేకులు వదిలేయమంటాడు. ఇంజనులో బిగువుంటే బండి అక్కడే నిలబడుతుంది.

ముని బ్రేకు మీదినుంచి కాలు తీశాడు. లారీ నిలబడింది. కాసేపాగి ఒక అడుగు కిందికి దిగింది. మళ్ళీ నిలబడింది, మళ్ళీ దిగింది. మోకాళ్ళ నొప్పులున్న ముసలివాడు గోడ పట్టుకుని మెట్లు దిగుతున్నట్టు దిగుతూనే ఉంది.

బావమరిది చక్రం కింద రాయి పెట్టి, కిటికీ దగ్గరికి వచ్చాడు. "చూశావు కదా బావా. తాతగారు బండిని పట్టుకోవడం ఎప్పుడో మానేశారు. దిగుడులో నువ్వు బ్రేకు మీదే బతుకుతున్నావు. ఇన్నాళ్ళు బతకడమే గొప్ప."

"బోరుకొచ్చిందంటావు, సిలిండర్లు అరిగాయంటావు. చేసెయ్యి."

"చెయ్యడానికి గోడలేవి? దీని సిలిండర్లు ఇప్పటికే రెండు తడవలు కోశాం. ఇంకోసారి కోస్తే గోడ అవతల తిరిగే రేడియేటర్ నీళ్ళు కనిపిస్తాయి. లోపల కొత్త గొట్టాలు దిగ్గొట్టాలి, ఈ మోడల్‌కి సామాను రాదు కాబట్టి ప్రతిదీ లేతు మీద తిప్పించాలి. అంతా అయ్యాక కూడా నేను హామీ ఇవ్వను. పాత సామాన్ల అడ్డాలో విడగొట్టిన లారీ ఇంజను ఒకటుంది. తరువాతి మోడల్. దాన్ని నేనే తిప్పి చూశాను, పెళ్ళికొడుకులా ఉంది. ఇది దించేసి అది ఎక్కిద్దాం."

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"దీన్నే బాగుచెయ్యి."

"బావా, నీకు ఇంజను కావాలా, దిగుడులో ప్రాణం కావాలా?"

ముని నవ్వి ఊరుకున్నాడు. ఎప్పటి నవ్వే. పక్కన టైరు మారుస్తున్న ఆటో డ్రైవరు, "పాత కాపురం, ఆయన వదల్లేడులే," అన్నాడు. అందరూ నవ్వారు. ముని వాళ్ళ పళ్ళు చూసి మరికాస్త నవ్వాడు. ప్రేమ అనుకుంటే అనుకోనీ. కొత్త ఇంజను ఏ వణుకు వణుకుతుందో, దాని నాడి ఎక్కడుంటుందో తన చేతికి తెలియదు. గేరు మార్చాల్సిన చోట గేరు పళ్ళు ఒకదాన్నొకటి కొరుకుతాయి, ఎక్కుడులో బండి ఆగిపోతుంది, చూసినవాడు ఎవడో ఒకడు అడుగుతాడు: ఇంజను అంత అరుస్తుంటే వినపడలేదా అని. ఆ తరువాత క్వారీ గేటు మూసుకుంటుంది. లారీ తప్ప ఇంకో పని అతనికి చేతకాదు.

"సరే, ఇంజను మాట తరువాత," అన్నాడు బావమరిది. "ముందు గేరెందుకు జారిందో చూడాలి. పెట్టె దించుతాను."

మునికి ఆ మాట నచ్చలేదు. కారణం అతనికే సరిగ్గా తెలియదు. తన దుప్పటి ఎవరో తీస్తున్నట్టు అనిపించింది. "గేరు పెట్టెకేమైంది? బాగానే ఉంది. ఇంజను చూడు చాలు."

"బాగా ఉన్న పెట్టె ఇసుక గుట్టెక్కిస్తుందా?"

గేరు పెట్టె దించి, మూత తీసి, నల్లటి నూనె వంచేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఆటోవాడు వెళ్ళిపోయాడు. బావమరిది ఇత్తడి ఫోర్కు ఒకటి బయటికి తీసి గుడ్డతో తుడిచాడు. గేరును కదలకుండా రెండు వేళ్ళతో పట్టుకుని ఉండే ముక్క అది. ఒక వేలు నిండుగా ఉంది. రెండోది అరిగి అరిగి, సబ్బుగిన్నెలో మిగిలిన బిళ్ళలా అంచు పలచగా తేలింది.

"ఇది చూడు బావా. ఇది లోడు చేసిన పని కాదు, దిగుడు చేసిన పని కాదు. రాడ్డు మీద చెయ్యి వేసి కూర్చున్నవాడి పని. చేతి బరువు ఎప్పుడూ దీనిమీదే పడుతోంది. గేరు వేశాక చెయ్యి తియ్యాలని నేర్చుకున్న మొదటి రోజే చెప్తారు. మిగతావన్నీ పుస్తకంలో ఉన్నట్టు నడుపుతావు, నీకెందుకొచ్చిందీ అలవాటు?"

"అలవాటే. ఏముంది."

అలా అని ముని వెనక్కి తిరిగి, చేతులకు పని కల్పించుకోవడానికి లారీ పక్క అద్దం తుడవసాగాడు. దిగుడులో తనను చంపబోయింది తన చెయ్యే. వినడానికి పెట్టుకున్న చెయ్యే. ఆ ఆలోచన ఇంకా లోపల సర్దుకోకముందే అద్దంలో బావమరిది కనిపించాడు. ఫోర్కు పట్టుకుని, తన వీపుకేసి చూస్తూ, ఏదో అంటున్నాడు. పెదవులు కదులుతున్నాయి. గుడ్డ మరకల మధ్య అవి ఏమంటున్నాయో తెలియలేదు. మాట అయిపోయింది. బావమరిది జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు.

తిరగాలా? తిరిగితే ఏమనాలి? అవుననాలా, కాదనాలా? ఎప్పుడూ అక్కరకొచ్చే నవ్వు పెదవుల దాకా వచ్చి గడ్డకట్టింది. తిరిగేసరికి ఆలస్యమైపోయిందని బావమరిది మొహం చూస్తేనే అర్థమైంది.

"ఇందాక నేనేమన్నానో చెప్పు."

ముని నీళ్ళు నమిలాడు. "ఫోర్కు కొత్తది వెయ్యాలని..."

"నీ చొక్కా అంటుకుందన్నాను."

ముని గభాల్న చొక్కా చూసుకున్నాడు.

"అంటుకోలేదులే," అన్నాడు బావమరిది. ఆ మొహంలో వెటకారం లేకపోవడమే మునిని ఎక్కువ భయపెట్టింది. "ఎన్నాళ్ళనుంచి?"

ముని చేతిలోని గుడ్డను మడిచి బానెట్ మీద పెట్టాడు. "మీ అక్కకు చెప్పకు," అన్నాడు ముని.

"మా అక్కకి నేను చెప్పేదేముంది? ఇంట్లో మొగుణ్ణి బల్ల కొట్టి పిలిచేది ఈ ఊళ్ళో ఆవిడొక్కతే. ఇన్నాళ్ళు అది మీ ఇద్దరి మధ్య సరసమనుకున్నాను." అతను లారీ తాళం తీసి జేబులో వేసుకున్నాడు. "క్వారీలో ఎవరితోనూ అనను. కాని చెవి చూపించుకునేదాకా ఈ తాళం నీకివ్వను. రేపు నీ బ్రేకు పోతే ఇసుక గుట్ట దొరుకుతుంది. నీ వెనకాల బస్సులో ఉన్నవాళ్ళకి ఏం దొరుకుతుంది?"

హారను కొడుతూ వెనకే దిగిన ఆ బస్సు మునికి అప్పుడు గుర్తొచ్చింది. దాని కిటికీల్లో కనిపించిన మొహాలు కూడా.

చెవి డాక్టరమ్మ గది పక్కన చిన్న గాజు గది ఉంది. గోడలకు మెత్తటి దళసరి గుడ్డ కొట్టారు. చెవులకు రెండు డిప్పలు తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చి, చప్పుడు వినిపించినప్పుడల్లా నొక్కమన్నారు. తలుపు మూశారు. ముని జీవితంలో అంత నిశ్శబ్దంలో ఎప్పుడూ కూర్చోలేదు. రోడ్డు మీద వణుకుంటుంది, క్వారీలో నేల అదురుతుంది, ఇంట్లో బల్ల ఉంటుంది. ఇక్కడ కుర్చీ కూడా చచ్చినట్టు పడి ఉంది. మీట మీద బొటనవేలు తడిసిపోయింది. చప్పుడు వచ్చిందా, వచ్చి వెళ్ళిపోయిందా, ఇంకా రావాలా? అద్దంలోంచి డాక్టరమ్మ చెయ్యి కనిపించింది. ఆమె వేలు కదలగానే ముని మీట నొక్కాడు. మళ్ళీ కదిలింది, మళ్ళీ నొక్కాడు. పరీక్ష గట్టెక్కుతోందని కాస్త ఊపిరి పీల్చుకున్నాడు.

ఆమె తలుపు తీసుకుని లోపలికి వచ్చింది. మొహం అతనికెదురుగా పెట్టి నిదానంగా, "మీరు చూసి నొక్కుతున్నారు. విని నొక్కండి," అంది. వెళ్ళి కుర్చీని అటు తిప్పుకుని కూర్చుంది.

ఆ తరువాత మునికి ఆమె వీపు తప్ప ఏమీ కనిపించలేదు. మీట నొక్కిన సందర్భాలు చాలా తక్కువ.

బయట బెంచీ మీద భార్య పక్కన కూర్చుని ఫలితం కోసం ఎదురుచూశాడు. ఆమె బెంచీ చెక్కను వేలితో తట్టింది. అతను తిరిగాడు. "భయంగా ఉందా?" అని ఆమె పెదవులు అడిగాయి. లేదనడానికి తల ఊపబోయి, అవునన్నట్టు ఊపాడు.

సన్నని చప్పుళ్ళు మోసే నరాలు దెబ్బతిన్నాయని డాక్టరమ్మ చెప్పింది. పోయినదంతా తిరిగిరాదు. చెవి మిషన్లు పెట్టుకుంటే మాటలు, హారన్లు, సైరన్ అందుతాయి. మెదడు మళ్ళీ అలవాటు పడాలి, ఓపిక పట్టాలి. మిషన్లు లేకుండా మాత్రం బండి తియ్యకూడదు. ఆమె వాటిని చెవుల వెనక అమర్చి, చిన్న మీట తిప్పింది.

మొదట కాగితం మోగింది. ఆమె బల్లమీద పేజీ తిప్పడం అంత పెద్ద చప్పుడని ముని ఎన్నడూ అనుకోలేదు. ఫ్యాను కరకరలాడింది. కుర్చీ కిర్రుమంది. అతను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడు వెనకనుంచి, పెదవులు కనిపించని చోటినుంచి, ఎవరో సన్నగా అడిగారు: "ఏవండీ, బానే ఉందా?"

ముని వెంటనే తిరగలేదు. ఆ గొంతు రేకులాగా గరగరలాడుతోంది, తను దాచుకున్న జ్ఞాపకంలా లేదు. అయినా ఆమెదే.

"బానే ఉంది. అరవకు," అన్నాడు.

"అరిచానా? మెల్లగానే అడిగాను. ఇకమీదట ఇంట్లో నా నోరు అదుపులో పెట్టుకోవాలన్నమాట," అని, ఆమె కళ్ళు తుడుచుకుంది.

వాళ్ళు షెడ్డుకు వెళ్ళేసరికి గేరు పెట్టె బిగించి ఉంది. కొత్త ఫోర్కు పడింది. ఇంజను ఇంకా పాతదే. బావమరిది మునిని చూసి, చెవులు చూసి, ఏమీ అనకుండా తాళం చేతిలో పెట్టాడు. "నేను చెప్పేదేం లేదు బావా. నువ్వే తిప్పి చూడు. ఆ తరువాత దీన్ని బాగుచెయ్యమంటే చేస్తాను, దించమంటే దించుతాను."

ముని సీటెక్కాడు. అలవాటుగా ఎడమచెయ్యి రాడ్డు మీదికి వెళ్ళింది. ఇన్నేళ్ళ తరువాత తన ఇంజను గొంతు వినబోతున్నాడు. వీధి మలుపులోనే తన రాక ఊరందరికీ తెలుస్తుందని కూలీలు అనేవాళ్ళు. అది పొగడ్త అనుకునేవాడు. తాళం తిప్పాడు.

ఆ చప్పుడుకు అతని వీపు సీటుకు అతుక్కుపోయింది.

ఇనుమును ఇనుముతో కొడుతున్నారు. ఒకచోట కాదు, లోపల ప్రతి మూలా. పైన ఏదో గొంతు చించుకుని కీచుమంటోంది, మధ్యలో గుప్పెడు మేకులు డబ్బాలో వేసి ఊపుతున్నట్టుంది, అన్నిటికీ అడుగున సమ్మెటతో కొట్టినట్టు ఒక దెబ్బ. దబ్, దబ్, దబ్. అదే సమయానికి అరచేతికి ఒక దెబ్బ తగులుతోంది. రెండూ ఒకటే. తన నాడి. రోజూ పొద్దున్నే చేతికి తగలగానే మనసు నెమ్మదించే ఆ నాడి.

యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కాడు. సమ్మెట జోరందుకుంది. ముని కాలు దానంతటదే వెనక్కి వచ్చింది. ఇంజను ఆపేశాడు. ఆపాక కూడా అది కాసేపు దగ్గి, ఇష్టం లేనట్టు ఊరుకుంది.

"ఇది," అన్నాడు. "ఇది ఎప్పటినుంచీ ఇట్లాగే మొత్తుకుంటోందా?"

"ఊరంతా విన్నారు బావా," అన్నాడు బావమరిది. "నీకు మొండితనం అనుకున్నాం."

"ఆ దెబ్బ..."

"ఇంజను అడుగున తిరిగే క్రాంకు దగ్గర బేరింగు. అరిగి ఆడుతోంది. ఏళ్ళనుంచి ఆడుతూ ఉండుంటుంది. అది తెగితే లోపల పిస్టన్‌ను నెట్టే కడ్డీ ఇంజను గోడ చీల్చుకుని బయటికొస్తుంది. లోడుతో దిగుతున్నప్పుడు తెగిందనుకో..." అతను అక్కను చూసి మాట మింగేశాడు.

ముని చేతిని రాడ్డు మీదినుంచి తీసి ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు. గుండె అనుకున్నది జబ్బు. దాన్ని చేత్తో పట్టుకుని, దాని భరోసాతో రోజూ కొండ దిగాడు. బాగుచేయించినా ఆ దెబ్బ పోవాల్సిందే, మార్చినా పోవాల్సిందే. అతను దాచుకోవాలనుకున్న ఇంజను ఏ దారిలోనూ మిగలదు. అది అర్థమయ్యాక పట్టుబట్టడానికి ఏమీ కనిపించలేదు.

"దించెయ్యి," అన్నాడు.

"ఆలోచించుకో. తొందరేం లేదు."

"దించెయ్యమన్నాను కదా. ఇంకోసారి స్టార్ట్ చెయ్యొద్దు. నాకు భయంగా ఉంది."

అంత పెద్ద మనిషి నోట ఆ మాట రావడం బావమరిది ఎప్పుడూ వినలేదు. తల ఊపి, గొలుసు కప్పీ తేవడానికి లోపలికి వెళ్ళాడు. వాతావరణం తేలిక చేద్దామని కాబోలు భార్య, "దించిందాన్ని జ్ఞాపకమంటూ ఇంటికి మాత్రం తేకండి. పెట్టడానికి చోటు లేదు," అంది.

కొత్తగా ఎక్కించిన ఇంజనుతో మొదటిసారి పెద్ద దిగుడు దిగిన రోజు తొట్టి ఖాళీగా ఉంది. పక్క సీట్లో బావమరిది కూర్చున్నాడు. షెడ్డు ముందు వాలులో నిలబెట్టినప్పుడు బండి ఒక్క అంగుళం కూడా జారలేదు. అది మునే స్వయంగా చూశాడు. చూసినదాన్ని ఒళ్ళు నమ్మడం లేదు. దిగుడు మొదలయ్యే రాయి దగ్గర బండి ఆపి, ఊరికే అద్దాలు సర్దాడు, సీటు సర్దాడు, చెవి మిషన్లు తడిమి చూసుకున్నాడు.

"బావా, కొండ మనకోసం అరిగిపోదు," అన్నాడు బావమరిది. "పద."

గేరు తగ్గించి వదిలాడు. ఇంజను గొంతు పెరిగి, ఒకచోట స్థిరపడి, బండిని పట్టుకుంది. ఆ గొంతు ఎవరిదో తెలియదు. ఏ క్షణాన మారుతుందో, మారితే దాని అర్థమేమిటో తెలియదు. పాత భయానికి చప్పుడు ఉండేది కాదు. ఈ భయం చప్పుడుతో వచ్చింది. గాలి ఈలలు వేస్తోంది, టైర్లు గులకరాళ్ళను నములుతున్నాయి, ఎక్కడో రేకు టపటపలాడుతోంది, ప్రతిదానికీ అతను ఉలిక్కిపడుతున్నాడు. చేతులు రెండూ స్టీరింగు మీద బిగుసుకుని ఉన్నాయి. ఇసుక గుట్ట వచ్చింది. లారీ ముక్కు దూరిన గుంట ఇంకా అలాగే ఉంది. దాన్ని చూడకుండా దాటాడు.

మలుపులో వెనకనుంచి హారన్ మోగింది. వీపు మీద కొరడాతో కొట్టినట్టయింది. బండిని గోడవైపు ఒత్తి దారి ఇచ్చాడు. బస్సు పక్కనుంచి దాటుతూ ఉండగా, ఖాకీ చొక్కా వేసుకున్నవాడి చెయ్యి ఒకటి కిటికీలోంచి పైకి లేచి దిగింది. ఆ డ్రైవరో, ఇంకొకడో.

ఊపిరి వదిలాడు. గేరు నిలబడింది, ఇంజను పట్టే ఉంది, కింద ఊరి కప్పులు కనబడుతున్నాయి. అదే అదను చూసుకున్నట్టు ఎడమచెయ్యి స్టీరింగు వదిలి, తనకు తెలియకుండానే, రాడ్డుకేసి జరిగింది. వేళ్ళు దాని తలను తాకబోయాయి.

పక్క సీట్లో బావమరిది కిటికీలోంచి బయటికే చూస్తూ, గొంతు సవరించుకున్నట్టు చిన్నగా దగ్గాడు.

ముని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"దగ్గకులే," అన్నాడు, రోడ్డుమీదినుంచి చూపు తిప్పకుండా. "వినపడింది."